భుజం దగ్గర తెరుచుకునే గౌను

ఆసుపత్రి కింది అంతస్తులోని కుట్టుగదిలో పంతొమ్మిదేళ్లుగా పనిచేస్తున్న ఆమెను అందరూ బాబిన్ అక్క అనేవాళ్లు. దారం చుట్టిన బాబిన్ ఒకటి ఎప్పుడూ ఆమె పెదాల మధ్యే ఉండేది. ఎవరైనా పలకరిస్తే దాన్ని బుగ్గలోకి తోసి మరీ జవాబు చెప్పేది. దుప్పట్లు, దిండు గలీబులు, రోగులు వేసుకునే గౌన్లు, రోజుకు నలభై. అన్నిటికీ ఒకే కొలత, ఒకే కుట్టు.

కుట్టుగదికి సరిగ్గా పైన కాలిన గాయాల వార్డు. నీళ్ల గొట్టాల కోసం కప్పులో చేసిన కంతలోంచి పై మాటలన్నీ కిందికి వినిపించేవి. ఉదయం పదింటికి కట్లు మార్చే వేళ. ఆ ఏడాది బేకరీలో పనిచేసే ఒకావిడ వచ్చి చేరింది. పొయ్యి తలుపు ఊడి మీద పడి రెండు చేతులూ భుజాల దాకా కాలాయి. కట్లకంటే ముందు గౌను తియ్యాలి. గౌనును తల మీదుగా, చేతుల మీదుగా లాగేటప్పుడు ఆవిడ అరిచే అరుపు మిషను చప్పుడును దాటి వచ్చేది. అక్క కుట్లు వంకర పోయేవి. విప్పి మళ్లీ కుట్టేది.

ఒకరోజు గలీబు మూతను వెనక్కి మడుస్తుంటే, చేతిలో ఉన్నది గలీబు కాదు, భుజం అన్నట్టు తోచింది. బట్టను తల మీదుగా లాగనక్కర్లేదు, ఇలా పక్కకు తెరిస్తే చాలు. అక్క మెడ వెనక సన్నగా జివ్వుమంది. సరిగ్గా అప్పుడే సూపర్వైజరు తలుపు తోసుకుని వచ్చాడు. ఆమె గబుక్కున గలీబును మిషను కిందికి తోసేసింది. సాయంత్రం తీరిగ్గా గుర్తు చేసుకుందామంటే మూత మడిచిన సంగతే తప్ప ఇంకేమీ మిగల్లేదు.

చిన్నప్పటి నుంచీ అంతే. ఏదైనా తోచినప్పుడల్లా "ముందు పని చూడు" అనేది వాళ్లమ్మ. ఆ మాట విని విని, తోచినవాటిని దోమను తోలినట్టు తోలెయ్యడం అలవాటైపోయింది. కానీ ఈసారి తోలేసిన దాని వెనకాల పైనుంచి బేకరీ ఆవిడ గొంతు వినిపిస్తూనే ఉంది. అన్నం సహించలేదు.

"పోయింది. ఎంత తన్నుకున్నా రావడంలేదు," అంది భర్తతో. అతను బస్సు నడుపుతాడు.

"స్టాపు దాటేశాక గుర్తొచ్చి ఏం లాభం? బెల్లు వినగానే బ్రేకు తొక్కాలి," అన్నాడు అతను, చేయి కడుక్కుంటూ.

మరో ఎనిమిది రోజులు ఏమీ రాలేదు. పదిగంటలవుతుంటేనే ఆమె భుజాలు బిగుసుకునేవి. తొమ్మిదో రోజున సూదిలోకి దారం ఎక్కిస్తుండగా మళ్లీ వచ్చింది, ఏ చప్పుడూ లేకుండా. ఆమె మిషను ఆపేసింది. సుద్దముక్కతో బల్ల మీదే గీసింది. రెండు భుజాలూ చేతి చివరిదాకా తెరిచి ఉన్న గౌను, మూయడానికి నాడాలు.

"మిషను ఎందుకాగింది?" సూపర్వైజరు గొంతు.

"ఆలోచిస్తున్నానండీ."

"ఆలోచించే పని మనకెవరిచ్చారమ్మా? నలభై పూర్తి కావాలి."

ఆమె మళ్లీ మిషను తొక్కసాగింది. గీత మాత్రం చెరపలేదు. నలభై పూర్తయ్యాక, ఇంటికి పోకుండా, పారెయ్యడానికి పక్కన పెట్టిన పాత గౌనును కత్తిరించి కుట్టింది.

మర్నాడు కట్లు మార్చే వేళకు ముందే వార్డుకు వెళ్లి పెద్ద నర్సుకు చూపించింది. ఆవిడ నాడాలు లాగి చూసింది.

"ఒక్కసారి చూస్తాను. నొప్పి ఎక్కువైందంటే అక్కడే ఆపేస్తాను. పదిన్నరకు డాక్టరుగారు వచ్చేలోపే అయిపోవాలి. ముందు ఆవిడనడుగు."

బేకరీ ఆవిడ గౌనుకేసి చాలాసేపు చూసింది. "నన్నడిగి చేసేది ఇదే మొదటిది ఇక్కడ," అంది. "వెయ్యండి."

పాత గౌను ఆఖరిసారి లాగుతుంటే ఆవిడ అరిచింది. ఇన్నాళ్లూ కప్పులోంచి విన్న అరుపు అడుగు దూరం నుంచి వినేసరికి అక్క ఒక అడుగు వెనక్కి వేసింది. కట్లు మార్చారు. కొత్త గౌను పరిచి భుజం మీద నాడాలు కట్టారు. ముడి సరిగ్గా పచ్చి పుండు మీద కూర్చుంది.

"వద్దు, తీసెయ్యండి," అంది బేకరీ ఆవిడ, పళ్ల బిగువున.

తలుపు దగ్గర సూపర్వైజరు నిలబడి ఉన్నాడు. ఖాళీ మిషను చూసి వెతుక్కుంటూ వచ్చాడు. "ఎవర్నడిగి వచ్చావు పైకి?"

అక్కకు అక్కడి నుంచి పారిపోదామనిపించింది. కళ్లు దించుకుంటే నర్సు చేతులు కనబడ్డాయి. ఎడమ చెయ్యి రోగి మోచేతిని పట్టుకుని ఉంది. కుడి చెయ్యి ఒక్కటే ఖాళీ. ఆ ఒక్క చేత్తో ముడి విప్పడానికి నానా అవస్థ పడుతోంది. కింద గదిలో కూర్చుని తను ఊహించింది రెండు చేతుల నర్సును. ఇక్కడ ఉన్నది ఒంటి చేతి నర్సు.

మెడ వెనక మళ్లీ అదే జివ్వు. ఇప్పుడు వదిలితే పోతుంది.

"ముడి భుజం మీద ఉండకూడదు. నడుం దగ్గరికి రావాలి," అంది, ఎవరితోనో తెలియకుండా. పక్కమంచం మీద మడత పెట్టి ఉన్న దుప్పటి అందుకుని, వెంట తెచ్చుకున్న కత్తెర వేసింది. బట్ట చిరిగిన చప్పుడుకు గది అంతా ఆమెకేసి తిరిగింది.

"అది కొత్త దుప్పటి," అన్నాడు సూపర్వైజరు.

ఆమె తలెత్తలేదు. నాడాలు కోసేసి గౌను చేతిలోకి తీసుకుంది. దాని వెనక భాగానికి రెండు వెడల్పాటి దుప్పటి పట్టీలు నిలబడే కుట్టింది. అవి భుజాల మీదుగా చదునుగా దిగి పొట్ట ముందు జారుముడిగా పడతాయి. ఒక కొస లాగితే ఊడిపోయే ముడి. రెండుసార్లు సూది వేలిలో దిగింది. గోడ గడియారంలో పదీ ఇరవై అయింది.

నర్సు గౌను పరిచింది, పట్టీలు దించింది, ముడి వేసింది. ఒక కొస లాగింది. అంతా ఊడి పక్కకు పడింది. మళ్లీ వేసింది. అక్క ఊపిరి బిగబట్టి అరుపు కోసం చూస్తోంది.

"అయిపోయిందా?" అంది బేకరీ ఆవిడ, కళ్లు తెరిచి.

 సూపర్వైజరు దగ్గరికొచ్చి పట్టీని వేళ్లతో తడిమి చూశాడు. అడిగింది అక్కను కాదు, నర్సును. "ఇలాంటివి ఎన్ని కావాలి?"

"వార్డులో ఎనిమిది మంది ఉన్నారు."

ఎనిమిదీ వారంలో తయారయ్యాయి. ఆ తర్వాత అక్క బతుకేమీ మారిపోలేదు. రోజుకు నలభై అలాగే ఉంది. వారానికి ఒక పూట మాత్రం పైకి వెళ్లి వార్డుల్లో నిలబడి చూసే వీలు దొరికింది. తోచినవన్నీ పనికి రాలేదు. జేబులున్న దుప్పటి ఒకటి కుడితే, అందులో కళ్లద్దాలు పెట్టుకున్న ముసలాయన వాటి మీదే పడుకున్నాడు. ఇంకోసారి అయిదు నెలలు ఒక్క ఆలోచనా రాలేదు. ఉన్న కాస్తా అయిపోయిందేమోనని లోలోపల కుమిలిపోయింది. అయినా తోచినప్పుడు మాత్రం, పిచ్చిదో మంచిదో చూడకుండా, మిషను ఆపేసేది.

ఈమధ్య చక్రాల కుర్చీలో కూర్చున్నవాళ్ల గౌను అంచులు చక్రాల్లో ఇరుక్కుంటున్నాయని విని వరండాలో నిలబడి చూస్తోంది. ఇది మూడో వారం. నిన్న సూపర్వైజరు అటుగా పోతూ ఆగాడు.

"ఏమైనా తట్టిందా?"

"ఇంకా లేదండీ."

"సరే, చూడు," అని మెట్లు దిగి వెళ్లిపోయాడు. ఆమె గోడకు జారగిలబడి, మలుపు తిరుగుతున్న ఇంకో కుర్చీకేసి చూడసాగింది.