నడిమి గుంజ

మా అమ్మాయి నిఘంటువులో ‘లీన్’ అన్న మాట చూస్తోంది. ఆనుకోవడం, వాలడం, ఒరగడం అని అర్థాలిచ్చారు. ల్యాడర్, క్లినిక్ అన్న మాటలూ ఆ వేరు నుంచే పుట్టాయట. నాకు మాత్రం పాచిపెంట కొండమీద వీపున పడిన దెబ్బ గుర్తొచ్చింది.

నాన్న అక్కడ బడిపంతులు. నాకు ‘లీన్’ అన్న మాట నేర్పిన రోజే, నా స్నేహితురాలి ఇంట్లో కప్పును మోసే నడిమి గుంజకు దర్జాగా ఆనుకుని కూర్చున్నాను. వాళ్ళ మామ్మ నా వీపుమీద ఒక్కటి చరిచింది. నాన్న కూడా నన్నెప్పుడూ కొట్టలేదు.

“నేను తాకితే మీ గుంజ మైలపడిపోతుందా?” అని అడిగాను. వాదన నాకప్పటికే అలవాటు.

“మైలేటే గుంటా. ఆ గుంజలో మా ముసిలోడున్నాడు. బతికినన్నాళ్ళూ అందర్నీ మోసాడు. ఇప్పుడు నిన్ను గూడా మొయ్యమంటావేటి?”

గుంజలో మనిషున్నాడనేసరికి ఎడంగా జరిగాను. ఇక ఈ ఇంటికి నన్ను రానివ్వరనుకుని లేచాను. ముసలమ్మ నా చెయ్యి పట్టి కూర్చోబెట్టి, తన వీపు నావైపు తిప్పింది.

“ఆనుకోవాలంటే నాకానుకో. నేనింకా సావలేదు కదా.”

ఆమె ఎముకలు గుచ్చుకుంటున్నా భయంతో కదల్లేదు. అదీ శిక్షే అనుకున్నాను. మొగుడికి విశ్రాంతి దక్కాలని ఆమె తన వీపు ఇచ్చిందని ఇన్నేళ్ళకు తట్టింది.