ఇంజను పట్టేసిన రోజు

నా చిన్నప్పుడు మా కొండల్లో ఇంజను చప్పుడంటే సంతరోజున వచ్చే జీపుదో, ముంచింగిపుట్టు దాకా వచ్చి వెనక్కి తిరిగిపోయే బస్సుదో అయ్యుండేది. అలాంటి కాలంలో మా మావయ్య, అంటే మా అమ్మ తమ్ముడు, తన సైకిలుకు తానే ఇంజను బిగించుకున్నాడు. ఆ ఇంజనును పాడుచేసింది నేను. అరవై దాటాక ఇప్పుడు నవ్వుతూ చెప్పగలుగుతున్నాను గానీ, ఆ వేళ పదకొండేళ్ల నాకు నవ్వు కాదు కదా, ఊపిరే సరిగా ఆడలేదు.

మావయ్యకు పసితనంలోనే పోలియో వచ్చి ఎడమకాలు సన్నబడిపోయింది. చేతికర్ర ఊతంతో నడిచేవాడు. సంతవీధిలో, ఇంటి అరుగు మీదే సైకిళ్లు బాగుచేసేవాడు. మా ఊళ్లో పదో తరగతి గట్టెక్కింది ఆయనొక్కడే. ఆ ఏడు, కొండ మీది పల్లెలో పిల్లలకు చదువు చెప్పే పని ఆయన్ను వెతుక్కుంటూ వచ్చింది. మామూలు మనుషులకు ఆ పల్లె రెండు గంటల ఎక్కుడు. మావయ్య నడకకు ఒక పూట. పోనీ అక్కడే ఉండిపోదామంటే, మంచం పట్టిన మా అమ్మమ్మ, కొడుకు చేత్తో పట్టిస్తే తప్ప రాగులతో కాచిన చోడంబలి కూడా తాగేది కాదు. ఫలానా సోమవారానికల్లా బడి తెరవకపోతే ఇంకొకర్ని చూసుకుంటామని కబురు కూడా వచ్చింది.

ఇంజను దొరకడం ఆయన అదృష్టం. మైదానం నుంచి వచ్చి సంతవీధిలో కిరాణా కొట్టు పెట్టుకున్న షావుకారు మోపెడ్, జీపు కింద పడి నుజ్జయిపోయింది. దెబ్బ తగలకుండా మిగిలిన ఇంజనును ఆయన మావయ్యకు ఊరికే ఇచ్చేశాడు. చిన్న టూ స్ట్రోక్ ఇంజను. మావయ్య దాన్ని మొదట వెనక చక్రానికి ఆనించి, టైరును ఒరుసుకుంటూ తిప్పేలా అమర్చాడు. వాన పడితే చక్రం జారిపోయేది. అది తీసేసి, వెనక చక్రానికి పెద్ద పళ్లచక్రం బిగించి గొలుసు వేశాడు. వేగం తగ్గినా ఎత్తు ఎక్కే బలం రావాలని, సిలిండరు లోపల గాలి, పొగ వెళ్లే కంతలను సన్నటి ఆకురాయితో రోజుల తరబడి కొద్దికొద్దిగా అరగదీశాడు. నేను బడి వదలగానే పరుగెత్తుకెళ్లి ఆయన పక్కన కూర్చునేదాన్ని. మొదటిసారి అది బుడబుడమని మోగి, మావయ్య కాలు కదపకుండానే వీధి చివరిదాకా వెళ్లి వచ్చినప్పుడు ఆయన ముఖంలో కనిపించిన వెలుగు నేను మరి ఎవరి ముఖంలోనూ చూడలేదు.

ఆ సోమవారం ఇక ఐదు రోజులుందనగా, బుధవారం మధ్యాహ్నం ఆయన అమ్మమ్మకు అంబలి పట్టడానికి ఇంట్లోకి వెళ్లాడు. నేను టాంకు మూత తీసి చూస్తే అడుగంటి ఉంది. ఆయన వచ్చేసరికి నింపి ఉంచితే మెచ్చుకుంటాడనుకున్నాను. అరుగు మీద రెండు సీసాలు ఉన్నాయి. రెండూ ముదురు గాజువి, రెండిట్లోనూ పెట్రోలు వాసనే. చేతికి అందింది పోసేశాను. అలాంటి ఇంజనుకు పెట్రోలులోనే ఆయిల్ కలిపి పొయ్యాలనీ, లోపల అరగకుండా కాపాడేది ఆ ఆయిలేననీ, నేను పోసింది సైకిలు సామాన్లు కడగడానికి ఉంచిన ఉత్త పెట్రోలనీ నాకు తెలియదు.

ఆ సాయంత్రం మావయ్య కొండదారి మొదటి మలుపు దాకా ఎక్కి చూద్దామని బయలుదేరాడు. ఊళ్లో సగంమంది చూడ్డానికి వచ్చారు. మలుపు దగ్గర ఇంజను ఒక్కసారి కీచుమని అరిచి ఆగిపోయింది. లోపల పిస్టన్ సిలిండరుకు అతుక్కుపోతే ఇంజను పట్టేసిందంటారు. చక్రం బిగుసుకుపోయి మావయ్య రాళ్ల మీద పడ్డాడు.

"కాలు లేనోడికి మోటారు సైకిలేటిరా!" అని గుంపులోంచి ఎవరో అన్నారు. కొందరు నవ్వారు. మావయ్య మోచేతి నెత్తురు తుడుచుకుని, బిగుసుకున్న గొలుసు ఊడదీసి, సైకిలును తోసుకుంటూ కిందికి వచ్చాడు. ఒక చేత్తో కర్ర, ఒక చేత్తో సైకిలు. ఆయన పడడానికి కారణం నేనేనేమోనని నాకు అప్పటికే భయం మొదలైంది. అయినా నోరు విప్పలేదు.

మర్నాడు పొద్దున్నే ఆయన ఇంజను విప్పి నన్ను పిలిచాడు.

"ఇటు రాయే గుంటా. ఇదేటో సూడు."

ఆయన అరచేతిలో పిస్టన్ ఉంది. దాని ఒంటినిండా పిల్లి రక్కినట్టు నిలువు గీతలు.

"ముట్టుకో. జిడ్డు తగుల్తందేటి?"

"లేదు మావా."

"మరి ఏటయ్యుంటాది?"

ఆయనకు అప్పటికే తెలిసిపోయిందని ఇప్పుడు అనుకుంటాను. నాకు ఏడుపు వచ్చేసింది. "నానే పోసీసినాను మావా. టాంకు కాళీగా ఉందనీసి..." అన్నాను. దెబ్బ పడుతుందని కళ్లు మూసుకున్నాను.

దెబ్బ పడలేదు. మావయ్య నెమ్మదిగా లేచి, అరుగు మీది సీసాలు రెండూ తెచ్చి నా ముందు పెట్టాడు.

"ఇందులో ఏది దేనికో సెప్పు."

"తెల్దు."

"నాకు తెలుసు. నాకొక్కడికే తెలుసు. అదీ తప్పు." ఆయన గొంతు మామూలుగానే ఉంది. "నువ్వు అడక్కుండా పోసినావు. నాను గుర్తెట్టకుండా ఒగ్గీసినాను. ఇద్దరం కలిసి పాడు సేసినాం. ఇద్దరం కలిసే బాగు సేద్దాం. బేగి మొకం కడుక్కొని రా."

మధ్యాహ్నం మా అమ్మ వచ్చి ఇంజను ఎవరు పాడుచేశారని గట్టిగా అడిగింది. నేను గోడకు అతుక్కుపోయాను. "మేవే అక్కా" అన్నాడు మావయ్య, తలెత్తకుండా. అమ్మ మళ్లీ అడగలేదు.

మూడు రోజులు బడి మానేసి గరుకు కాగితంతో సిలిండరు లోపలి గోడ రుద్దాను. ఆయన పెద్ద వేళ్లు అందులో పట్టేవి కావు, నా వేళ్లు పట్టేవి. గోరుతో గీస్తే ఎక్కడా గరుకు తగలకూడదని చెప్పాడు. తగిలిన ప్రతిసారీ మళ్లీ రుద్దాను. పిస్టన్ చుట్టూ బిగించే రింగులను మావయ్య బస్సు డ్రైవరుకు డబ్బిచ్చి విశాఖపట్నం నుంచి తెప్పించాడు. శనివారం అవి వస్తే బిగించాం. ఆదివారం మెల్లగా నడిపి చూశాం.

సోమవారం మావయ్య కొండెక్కాడు, నేనూ వెంట నడిచాను. దారిలో రెండుసార్లు ఇంజను వేడెక్కితే ఆగి చల్లారబెట్టాం. బాగా నిట్టనిలువుగా ఉన్నచోట నేను వెనక నుంచి తోశాను. పల్లె చేరేసరికి చాలా ఆలస్యమైంది. కానీ చప్పుడు విని పిల్లలు ఎదురు పరుగెత్తుకొచ్చారు. బడి తెరుచుకుంది. ఆ బడిలో ఆయన చాలా ఏళ్లు పాఠాలు చెప్పాడు.

పెద్దయ్యాక నేను ఆడపిల్లల హాస్టల్లో వార్డెనుగా పనిచేశాను. ఒకరోజు ఒక అమ్మాయి కుళాయి కట్టేయడం మరిచిపోతే నీళ్లు సామాన్ల గదిలోకి పారి, నేల మీదున్న బియ్యం బస్తాలు తడిసిపోయాయి. ఎవరు చేశారని కేకవేయబోయాను. ఆ బస్తాలను ఎత్తు మీద పెట్టించనిది నేనేనని అప్పుడు గుర్తొచ్చింది. ఆ పిల్లా నేనూ పక్కపక్కన కూర్చుని సాయంత్రం దాకా ఎండలో బియ్యం ఆరబోశాం. మర్నాడు ఎలా జరిగిందని పైవాళ్లు అడిగితే, "మా వల్లే జరిగింది సార్" అన్నాను. ఆ అమ్మాయి తలెత్తి నా వైపు చూసింది.

ఇది నాకు సహజంగా అబ్బిన గుణం కాదు. ఈ వయసులో కూడా ఏదైనా పాడైతే ముందు నా నాలుక మీదికొచ్చేది "ఎవరు?" అన్న మాటే. దాన్ని మింగి, ఇందులో నా వంతు ఎంత అని వెతుక్కోవడానికి కాస్త సమయం పడుతుంది. వెతికితే, ఎంతో కొంత దొరకని రోజు నాకింతవరకూ రాలేదు.