తడి మొహాల ఫొటోలు

లచ్చిరాం బూర్గంపాడులో ఫొటో స్టూడియో పెట్టింది ఎనభై ఒకటిలో. వాళ్ల తండాలో కెమెరా పట్టిన మొదటి మనిషి. గోదావరిలో గుర్తు తెలియని శవం ఒడ్డుకు కొట్టుకొస్తే పోలీసులు ఆయనకే కబురు పెట్టేవారు. పూడ్చే ముందు మొహం ఫొటో తీసి ఉంచాలి, తర్వాత ఎవరైనా వెతుక్కుంటూ వస్తే చూపించడానికి.

మొదట తీసినవి పనికిరాలేదు. ఎండకు తడి మొహం మెరిసి, నుదురూ చెంపలూ కాగితం మీద తెల్లని మరకలుగా పడేవి. ఒక తండ్రి అలాంటి ఫొటో చూసి తన కొడుకు కాడని వెళ్లిపోయాడు. నెల తర్వాత ఆ శవం మీద ఉన్న చొక్కా ఎలాంటిదో విని, అది కొడుకుదేనని మళ్లీ వచ్చాడు. అప్పుడు లచ్చిరాం విజయవాడ వెళ్లి పోలరైజర్ కొన్నాడు. లెన్స్ ముందు బిగించే పలచని నల్లద్దం అది. మెల్లగా తిప్పుతుంటే ఒకచోట నీటి మెరుపు పోయి కింది చర్మం కనబడుతుంది. మచ్చలు, పచ్చబొట్లు తేటగా పడేవి.

ఇసుకలో మోకాళ్ల మీద కూర్చుని, మెరుపు ఎక్కడుందో చూసి, అద్దం తిప్పి, రెండు ఫొటోలు తీసి లేచేవాడు. ఇంటికొచ్చి స్నానం చేసి అన్నం తినేవాడు.

"నీకు ఏమనిపిస్తలేదా?" అని భార్య రూప్లి ఒకసారి అడిగింది.

"లేదు."

దాచడానికి అన్న మాట కాదు. వెతికి చూసుకున్నా ఆయన లోపల ఏమీ లేదు.

ఎనభై ఆరు వరద తీసిన నెలకు నాగక్క అనే కోయ ఆమె స్టూడియోకి వచ్చింది. భర్త పగిడయ్య పశువుల కోసం నీళ్లలో దిగి తిరిగి రాలేదు. ఫొటోలు ఇక్కడున్నాయని స్టేషన్లో చెప్పి పంపారు. లచ్చిరాం వరదప్పుడు తీసిన ఆరూ బల్ల మీద పరిచాడు. నాలుగోదాని మీద, కనుబొమ్మ పైన గీత దగ్గర ఆమె వేలు ఆగింది.

"గిది ఎలుగుబంటి గీరింది. గీయనే నా పెనిమిటి."

ఏడవలేదు. ఫొటో చేతిలోకి తీసుకుని చూసింది.

"నీళ్లల్ల దొరికినోడు గదా. మొకం పొడిగున్నది. ఎవరు తుడిచిండ్రన్నా?"

ఎవరూ తుడవలేదు. అద్దం సంగతి చెప్పబోయి లచ్చిరాం ఆగాడు.

"నేనే తుడిచిన, అక్కా."

ఆమె రెండు చేతులూ జోడించింది. ఫొటోను కొంగులో చుట్టుకుని బస్సుకు వెళ్లిపోయింది.

తర్వాతి శవం దసరా ముందు దొరికింది. లచ్చిరాం కెమెరా పక్కన పెట్టి, సంచిలోంచి తువ్వాలు తీసి ఆ మొహం తుడిచాడు. "ఏందన్నా, ఏం చేస్తున్నవ్?" అన్నాడు కానిస్టేబులు. లచ్చిరాం తువ్వాలు మడిచి కెమెరా అందుకున్నాడు. అప్పుడూ ఏమీ అనిపించలేదు. తొంభై మూడులో స్టూడియో తీసేసేదాకా అలాగే తుడిచాడు. ఆ తువ్వాలను రూప్లి ఇంటి బట్టల్లో కలవనిచ్చేది కాదు. ఆయనే బోరింగు దగ్గర ఉతికి ఆరేసుకునేవాడు.