ఆకు నమిలాడు, తాంబూలం అందుకోలేదు

మీరు నూకయ్యని చూసి తీరాలి. చూడకపోతే మీకు లోకం సగమే తెలిసినట్టు. నౌపడలో రైలు దిగి, ఉప్పుమడుల గట్టు పట్టుకుని సముద్రం వైపు నడవండి. ఒక కాలవ అడ్డం వస్తుంది. అవతల తాటాకు పాకలు కనిపిస్తాయి. ఆ ఊరి పేరు కొత్తమెట్ట. అంటే, అక్కడున్నవాళ్ళు మాత్రమే అలా అంటారు. ఇంకెవ్వరూ అనరు. గొడవంతా అదే.

నూకయ్య ఉప్పుకూలీ. మడమలు చీలిపోయి, ఆ చీలికల్లో ఉప్పు దిగి ఎప్పుడూ ఎర్రగా ఉంటాయి. ఆ కాళ్ళతోనే ఎంత వేగంగా నడుస్తాడంటే, పక్కన నడవడానికి నేను పరిగెత్తాల్సి వచ్చింది.

ఒకప్పుడు వాళ్ళంతా కాలవ ఇవతల పాతమెట్టలోనే ఉండేవారు. అక్కడి కులపెద్ద నరసింగరావు. గాలివానకి పాకలన్నీ ఎగిరిపోయినప్పుడు సాయంగా వచ్చిన బియ్యం బస్తాలు ఆయన సావిట్లో దించారు. రేపు పంచుతానన్నాడు. జనం తాటిటెంకలు చీకి బతుకుతున్నారు, ఆ రేపు మాత్రం రాలేదు. చివరికి పురుగుపట్టి ఉండలు కట్టిన బియ్యాన్ని తన గేదెల కుడితిలో కలిపించాడు. ఆ పులిసిన వాసన ఊరంతా కొట్టిందట. ఆ వాసన భరించలేకే కొన్ని కుటుంబాలు కాలవ దాటాయి. నూకయ్యని పెద్దగా పెట్టుకున్నాయి.

కాలవ దాటినంత మాత్రాన ఊరు కాదు. అక్కడి ఉప్పుపల్లెల్లో ఒక కట్టుబాటు ఉంది. పెళ్ళి కుదిరితే తాంబూలాలు మార్చుకునేది తండ్రులు కాదు, రెండూళ్ళ పెద్దలు. పొరుగూరి పెద్ద తాంబూలం పళ్ళేన్ని రెండు చేతులా అందుకుంటేనే ఇచ్చినవాడు పెద్ద, అతనిది ఊరు. లేదంటే వాళ్ళు ఇంకా పాతూరి మనుషులే.

అందుకని నూకయ్య పళ్ళెం పట్టుకుని చుట్టూ ఉన్న ఊళ్ళన్నీ తిరిగాడు.

"ముందు పైవూరోలు అందుకోనీరా, ఆ యెనకాల నానూ అందుకుంటాను" అన్నాడు ఒక పెద్ద.

పైవూరు వెళితే, "కిందూరోలు అందుకున్నారేటి? నేదా? మరి నాకెందుకురా ఈ తగువు?" అన్నాడు అక్కడి పెద్ద.

అందరికీ బియ్యం సంగతి తెలుసు. అందరూ అయ్యో అన్నారు. చెయ్యి మాత్రం ఒక్కడూ చాపలేదు.

కొత్తమెట్ట పిల్లలకి అక్షరాలు నేర్పడానికి సీమోను మేష్టారు వచ్చేవారు. మిషన్ చర్చికి చెందిన కుటుంబం ఆయనది. చంకలో ట్రాన్సిస్టర్ ఉండేది. పోయినేడు, అంటే అరవై ఎనిమిది వేసవిలో, వార్తలు విని నూకయ్యకి చెప్పారు.

"ఆఫ్రికాలో బయాఫ్రా అని ఒక దేశం, నైజీరియా నుంచి విడిపోయింది. జెండా ఉంది, నోట్లున్నాయి. పిల్లలు తిండిలేక చచ్చిపోతున్నారు."

"ఆల తాంబూలం ఎవులైనా అందుకున్నారేటి మేష్టారూ?"

"నాలుగు దేశాలు."

"మన దిల్లీవోలో?"

"అందుకోలేదు."

"మరి పెద్ద పెద్ద దేశాలోలు?"

"వాళ్ళు నైజీరియాకి తుపాకులిస్తున్నారు."

"ఛీ! ఆల నరసింగరావు కూడా మనోడిలాంటోడే అన్నమాట."

నూకయ్య భార్య దేముడమ్మ పొయ్యి దగ్గర్నించి అందుకుంది. "ఆలకి నాలుగైనా వచ్చాయి. నీకు ఒక్కటీ నేదు. తిరిగి తిరిగి పళ్ళెం అరగదీసినావు!"

ఆ ఒక్కటీ వచ్చిందనే అనుకున్నారు. నూకయ్య కొడుకు చినబాబుకి పక్కూరి జగ్గమ్మంటే ప్రాణం. ఆ ఊరి పెద్ద అప్పలసూరి. నూకయ్య వెళ్ళి పళ్ళెం అరుగు మీద పెట్టి మాట్లాడుతుంటే, అప్పలసూరి మాటల్లోనే ఒక ఆకు తీశాడు, సున్నం రాశాడు, నమిలేశాడు. తాంబూలం అందుకున్నాడని నూకయ్య గట్లమ్మట పరిగెత్తుకొచ్చి చెప్పాడు. కొత్తమెట్టలో డప్పులు మోగాయి. దేముడమ్మ బెల్లం పాయసం వండి అందరికీ పోసింది.

నిశ్చయం రోజు అప్పలసూరి వాకిట్లో నూకయ్య పళ్ళెం చాపాడు. అప్పలసూరి చేతులు వెనక్కి కట్టుకున్నాడు.

"ఏటిది మావా? మొన్న అందుకున్నావు గదా!"

"ఆకు నమిలినానురా. నోరు సప్పగుండి నమిలినాను. పళ్ళెం అందుకున్నానేటి?"

అని పక్కకి తిరిగి ఉమ్మేశాడు. ఎర్రటి తుంపరలు నూకయ్య పంచె మీద పడ్డాయి.

అప్పుడు ఇంట్లోంచి ఇస్త్రీ పంచెతో నవ్వుతూ వచ్చినవాడు నరసింగరావు. పొద్దున్నే వచ్చి కూర్చున్నాడట.

"పళ్ళెం ఇటు తేరా నూకయ్యా. నానిస్తాను, సూరి అందుకుంటాడు. పెళ్ళి ఈ పూటే కుదిరిపోతాది. మాది పాతమెట్టే అని ఒక్క మాట అను, సాలు."

చినబాబు తండ్రి ముఖంలోకే చూస్తున్నాడు. తలుపు వెనక జగ్గమ్మ గాజులు కదిలాయి.

"ఇచ్చీవయ్యా" అంది దేముడమ్మ మెల్లగా. "గుంటడి ముఖం సూడు. ఊరు మళ్ళా కట్టుకోవచ్చు."

కొత్తమెట్ట నుంచి వచ్చిన ముసలి దాలయ్య ముందుకొచ్చాడు. "ఆ మాట అనకురా నూకయ్యా! మళ్ళా ఆడి గుమ్మంలో నిలబడాలేటి? నా మనవరాలు ఆకలితో పోయింది ఆ గుమ్మంలోనేరా!"

నూకయ్య పళ్ళేన్ని గుండెకి హత్తుకుని వెనక్కి తిరిగి నడిచాడు. దాలయ్యా మిగతావాళ్ళూ వెంట వెళ్ళారు. చినబాబు కదల్లేదు.

పెళ్ళి పాతమెట్టలో జరిగింది. "మా ఊరి కుర్రోడు" అంటూ నరసింగరావే తాంబూలమిచ్చాడు. అప్పలసూరి రెండు చేతులా అందుకుని కళ్ళకద్దుకున్నాడు. దేముడమ్మ వెళ్ళి అక్షింతలు వేసి వచ్చింది. నూకయ్య వెళ్ళలేదు. ఆ రోజు కూడా మడిలో ఉప్పు లాగాడు. కొడుకు ఇప్పటిదాకా కాలవ దాటి రాలేదు.

నరసింగరావు దుర్మార్గుడు, అది తెలిసిందే. నాకు ఒళ్ళు మండేది ఆ మిగతా పెద్దల మీద. నిజం తెలిసీ, పక్కవాడు ముందు కదలాలని చూస్తూ, ఆకు మాత్రం నమిలి ఉమ్మేసే ఆ పెద్దమనుషుల్ని తలుచుకుంటే అసహ్యం వేస్తుంది.

నేను అడిగితే నూకయ్య, "తప్పు సేసినానో ఒప్పు సేసినానో నాకూ తెల్దు బాబూ" అన్నాడు. నాకూ తెలీదు. ఆ వాకిట్లో మీ చేతుల్లో ఆ పళ్ళెం ఉంది, ఒక పక్క కన్నకొడుకు, ఇంకో పక్క మిమ్మల్ని నమ్మి కాలవ దాటిన జనం. మీరైతే ఏం చేసేవారు?