క్రెసెన్సియో కూజాలో నురగ

క్రెసెన్సియోను ఊరంతా ‘హల్లెలూయా’ అని పిలిచేది. మొదట్లో చాటుగా, పిలిచినా కోపం తెచ్చుకోడని తెలిశాక మొహం మీదే.

మా అందరిలాగే అతనిదీ కల్లుగీత. కత్తుల్లాంటి మట్టల కిత్తనార మొక్కను పదేళ్ళు పెంచి, పూకాడ లేవకముందే మొవ్వు కోస్తే, ఆ గుంటలో తియ్యటి నీరా ఊరుతుంది. పొద్దునా సాయంత్రం గుంట గీకి, పొడుగు సొరబుర్రతో పీల్చి తీయాలి. మొవ్వు కోయకపోతే కాడ మింటికి లేచి, పూసి, మొక్క చస్తుంది.

కొడుకు తాగి రైలు పట్టాల మీద పడుకుని చనిపోయిన ఏడాది అతను ప్రార్థన మందిరానికి వెళ్ళడం మొదలుపెట్టాడు. బాప్తిస్మం తీసుకుని వచ్చి కల్లు తొట్లు బోర్లించేశాడు. “ఇక నీరాయే అమ్ముతా” అన్నాడు.

నీరాకు వాక్యం తెలియదు, ఎండ తెలుసు. తెల్లారి తియ్యగా ఉన్నది మధ్యాహ్నానికి తనంతట తనే పులిసి కల్లవుతుంది. ఒక ఆదివారం మందిరంలో విందుకని రెండు కుండలు తెచ్చిపెట్టాడు. ఆ రోజే పాస్టరు గారి ప్రసంగం మధ్యాహ్నందాకా సాగింది. దాహం మీదున్న విశ్వాసులు గడగడా తాగేశారు. ఒకే కీర్తన మళ్ళీ మళ్ళీ పాడారు. పాస్టరు గారు కళ్ళు మూసుకుని గోడను ఆశీర్వదించారు. మేం వీధిలో నిలబడి పొట్టలు పట్టుకుని నవ్వాం. మర్నాటినుంచి క్రెసెన్సియో నీరా అమ్మకం కూడా మానేశాడు.

భార్య డొమితీలా ఇళ్ళల్లో బట్టలుతకడానికి పట్నం పోసాగింది. ఆమె అన్న ఉండబట్టలేక వచ్చాడు; మార్గారితో అతని పేరు.

“బావా, నువ్వు ముట్టుకోకు. నేనే గీస్తా, నేనే అమ్ముతా. సగం మా చెల్లి చేతిలో పెడతా. నీ దేవుడు నిన్నేం అడుగుతాడు?”

“నా మొక్క కల్లు తాగి ఇంకొకడి కొడుకు పట్టాల మీద పడుకుంటే?”

“అయితే పొలం అమ్మి పారెయ్!”

“కొన్నవాడు కిత్తనారను కొప్పులో పెట్టుకుంటాడా బావా? గీయడానికేగా.”

పొయ్యి దగ్గర్నుంచి డొమితీలా అంది: “ఆయన పరలోకానికి పోవాలి అన్నయ్యా, నేను బస్సుకి పోవాలి. ఇద్దరికీ ఆలస్యమైపోతోంది. నువ్వు కాఫీ తాగి లే.”

ఆ వేసవి కాడలు లేచాయి. ఏ వీధిలోంచి చూసినా కనబడేవి. అతని తండ్రి నాటిన తోట అది. మొగుడూ పెళ్ళాం ఆ పూలే కోసి గుడ్డుతో వేయించుకు తిన్నారు. తర్వాత గుడ్డు లేకుండా తిన్నారు. పూలు రాలాక మొక్కలు వరసగా ఎండాయి. డొమితీలాకు దగ్గు పట్టుకుంది. ఆమె కోసం, కాడ లేవకుండా మిగిలిన ఒక్క మొక్క మొవ్వు కోసి, రోజూ తెల్లారకముందే గీకి, గోరువెచ్చగా ఒక గిన్నె తాగించేవాడు. తగ్గలేదు. మరుసటి ఏడు మే నెలలో పోయింది.

గుంత తవ్వినవాళ్ళకు తలా ఒక కప్పు కల్లు పోయడం మా ఆచారం. మార్గారితో, నేను, మరో ఇద్దరు కలిసి రాతినేలలో తవ్వాం. క్రెసెన్సియో కల్లు పోయడు కదా, ఆ పొద్దున గీకిన నీరా కూజాలో తెచ్చాడు. పాస్టరు గారి ప్రార్థన మళ్ళీ సాగింది. ఎండ నడినెత్తికి వచ్చింది. శవపేటిక దించాక మేం కప్పులు చాపాం. అతను మూత తీశాడు. అంచుదాకా నురగ. గీతగాడికి చూడక్కర్లేదు, చిటపట చప్పుడే చాలు. అతను కూజాను తవ్విపోసిన మట్టిలోకి వంచేశాడు.

“నా చెల్లెలికి గుంత తవ్వినోళ్ళకి గుక్కెడు కూడా పోయవా?” మార్గారితో గొంతు పగిలింది.

“నీళ్ళు తెస్తా బావా.”

“ఊళ్ళోంచి తెస్తావా! మేం చచ్చాక తెస్తావా!”

మాతో తవ్విన మిగతా ఇద్దరూ కప్పులు విసిరికొట్టి వెళ్ళిపోయారు. పాస్టరు గారు బైబిలు మూసి, తెరిచి, మళ్ళీ మూశారు. క్రెసెన్సియో పార తీసుకుని మట్టి తోయడం మొదలుపెట్టాడు. తడిసిన మట్టే ముందు పడింది; కల్లు వాసన గుప్పుమంది. ముసలి చేతులు, పార సగం నిండేది, సగం ఒలికేది.

మార్గారితో దేవుణ్ణి తిట్టాడు, ఎండను తిట్టాడు, ఊరికే నిలబడ్డానని నన్ను తిట్టాడు. తిట్లయిపోయాక వెళ్ళి అతని చేతిలోంచి పార లాక్కున్నాడు.

“ఇలా తే. ఇదైనా సగం నన్ను చెయ్యనీ, హల్లెలూయా.”