ఏడు కిలోవాట్ల పెట్టె

మా తమ్ముడు ఎలక్ట్రిక్ కారు కొన్నాడు. దాని రంగు ఒక్క పూటలో తేల్చేశారు. ఇంట్లో ఏ చార్జర్ పెట్టాలన్నది తేలటానికి మాత్రం వేసవి సగం గడిచింది, ఎందుకంటే దానికి నేను అడ్డున్నాను. ఇంకా సరిగ్గా చెప్పాలంటే నేను కాదు, నా మంచం పక్కనుండే ఆక్సిజన్ మిషన్.

ఇది రాస్తున్నది రేపల్లెలో, రెండు గదుల అద్దె ఇంట్లో కూర్చుని. అప్పుడు తెనాలిలో తమ్ముడి దగ్గర ఉండేదాన్ని. రేపల్లె హైస్కూల్లో ఏళ్ళ తరబడి ఫిజికల్ సైన్స్ చెప్పాను. సర్వీసు ఇంకా మిగిలుండగానే ఊపిరితిత్తులు గట్టిపడిపోయే జబ్బు వచ్చింది. గుంటూరు డాక్టరు ముక్కుకి గొట్టం తగిలించి, మంచం దిగినా దిగకపోయినా ఇది ఉండాల్సిందేనమ్మా అన్నాడు. పెళ్ళి చేసుకోలేదు కాబట్టి తమ్ముడింటికి చేరాను. వీధివైపు గది నాకిచ్చారు. కొత్తలో మా మరదలు ఇంటికొచ్చిన ప్రతివాళ్ళకీ ఆ గది చూపించి, వదినగారిని మేమే చూసుకుంటున్నామండి అని చెప్పేది. చెప్పుకోవటం పాతబడ్డాక తలుపు దగ్గరగా వేయటం మొదలుపెట్టింది.

తమ్ముడు వడ్లమూడిలో ఓ ప్రైవేటు కాలేజీలో మేనేజ్‌మెంట్ పాఠాలు చెబుతాడు. పొద్దున్నే వెళ్ళి సాయంత్రానికి ఇల్లు చేరతాడు. ఆపైన తెల్లారేదాకా కారు వరండా ముందు ఊరికే నిలబడి ఉంటుంది. దానికి రెండు రకాల చార్జర్లున్నాయి. ఒకటి మూడు కిలోవాట్లది. కారుతోపాటే ఇస్తారు, గోడకున్న పెద్ద ప్లగ్గుకి తగిలించుకోవటమే. రెండోది ఏడు కిలోవాట్లది, గోడకి బిగించే పెట్టె. ముందు రంగులు మారే లైటూ, పక్కన అవసరానికి ఆపేసే ఎర్ర బొత్తామూ ఉంటాయి. చిన్నది పెడితే కారు రాత్రంతా నిదానంగా నిండుతుంది. పెద్దది పెడితే పడకలు వేసుకునేలోపే చాలావరకు నిండిపోతుంది. నిండిన కారు తెల్లారేదాకా చేసే పనేమిటో నాకు అర్థం కాలేదు. నిండని కారుదీ అదే పని.

మా వీధి లైను మొదటినుంచీ నీరసమే. వేసవి సాయంత్రాలు అందరూ ఏసీలు వేసేసరికి ట్యూబులైట్లు కొట్టుకునేవి. వోల్టేజి బాగా పడిందంటే నా మిషన్ కుయ్యోమని అరిచి గాలి ఇవ్వటం మానేస్తుంది. ఇల్లంతటికీ ఉన్నది ఒకే ఫేజు. దాని మీద ఏడు కిలోవాట్లు మోపితే ఏమవుతుందో బోర్డు మీద బొమ్మ గీసి ఎంతమంది పిల్లలకు చెప్పానో లెక్కలేదు. తమ్ముడికి కూడా నేనే చెప్పాను, వాడు పదో తరగతిలో ఉండగా. వాడు సైన్సు పాసయిన విధానం ఇక్కడ రాయను.

చిన్నది చాలురా అన్నాను. పెద్దదే కావాలంటే మూడు ఫేజులకి అప్లై చేసి, నా గదిని వేరే ఫేజు మీద వేయించమన్నాను. దానికి కరెంటాఫీసు చుట్టూ తిరగాలి, అంత తీరిక తనకెక్కడిదన్నాడు. పోనీ నా మిషన్‌ని ఇన్వర్టర్‌కి కలపమన్నాను. కలిపితే బ్యాటరీ తొందరగా పాడైపోతుందట. ఆ బ్యాటరీ హాల్లో టీవీకీ ఫ్యాన్లకీ పెట్టుకున్నది. పాడైతే క్రికెట్ మధ్యలో ఆగిపోతుంది. నా ఊపిరీ క్రికెట్టూ పోటీపడితే ఏది గెలుస్తుందో అడగటం నాకే చిన్నతనంగా తోచి ఊరుకున్నాను. ఏమైతేనేం, చివరికి చిన్నదానికి ఒప్పుకున్నాడు. ఆ ఒప్పుకోలు బాపట్ల వెళ్ళొచ్చేదాకా నిలబడింది.

బాపట్లలో మా మరదలి అన్నగారుంటారు. కర్లపాలెం వెళ్ళే దారిలో కొత్తగా ఇల్లు కట్టారు. ఆయనకీ ఎలక్ట్రిక్ కారే. ఒక ఆదివారం చర్చిలో ఆరాధన అయ్యాక అందరం భోజనానికి వెళ్ళాం. నన్నొక్కదాన్నీ ఇంట్లో వదిలేస్తే చుట్టుపక్కలవాళ్ళు ఏమంటారోనని చిన్న సిలిండరుతో సహా వెనక సీట్లో ఎక్కించుకున్నారు. గేటు తీయగానే ఎదురుగా గోడమీద ఆ పెద్ద పెట్టె. ఆయన చెప్పులు వదలమనటానికి ముందే దాన్ని చూపించాడు. మా తమ్ముడు చిన్నది పెట్టబోతున్నానని చెప్పాడు. పాపం, ధైర్యంగానే చెప్పాడు.

"ఇంత కారు కొని సెల్‌ఫోన్‌లాగా ప్లగ్గుకి తగిలిస్తారేంటి బావగారూ," అన్నాడాయన, పీతల కూర వడ్డించుకుంటూ.

మరదలు నవ్వింది. తమ్ముడూ నవ్వాడు, చెవులు మాత్రం ఎర్రబడ్డాయి. నాకు ఆ చెవులు చిన్నప్పటినుంచీ తెలుసు. అవి ఎర్రబడ్డాక ఇక ఎవరేం చెప్పినా వాడికి ఎక్కదు. తిరుగు ప్రయాణంలో పెద్దపెట్టె ఏ గోడకు పెడితే రోడ్డుమీదికి కనపడుతుందన్న మాటే నడిచింది. వెనక సీట్లో నేనున్న సంగతి ఇద్దరికీ గుర్తులేదు. గుర్తుండి కూడా మాట్లాడారేమో, అది ఇంకా అధ్వాన్నం.

ఆ వారంలోనే పెట్టె బిగించటానికి చెరుకుపల్లి నుంచి ఓ మనిషి వచ్చాడు. నా కిటికీ అవతలే, వరండాలో నిలబడి కొలతలు తీసుకున్నాడు. వాళ్ళ పద్ధతి ప్రకారం అడగాల్సినవన్నీ అడిగి, ఇంట్లో ఎప్పుడూ ఆన్‌లో ఉండే మిషన్లేమైనా ఉన్నాయాండి అన్నాడు.

తమ్ముడు కిటికీ వైపు చూడలేదు. "ఒకటుంది లెండి. అది టెంపరరీ," అన్నాడు.

కిటికీ తెరిచే ఉంది. నా ఒళ్ళు మండిపోయింది. ఏడవలేదు, ఏడిస్తే ముక్కు మూసుకుపోయి ఉన్న గాలి కూడా ఆడదు. నా తమ్ముడు చెడ్డవాడు కాదు అని ఇక్కడ ఒక వాక్యం రాయాలనిపిస్తోంది. రాయను. ఊచలు పట్టుకుని ఆ వచ్చిన మనిషినే పిలిచి, ఇంటి లైను సంగతి, నా మిషన్ సంగతి చెప్పాను. ఆయన ఎంతో మర్యాదగా విన్నాడు. ఏం కాదండి మేడం, అందరూ ఇదే పెట్టుకుంటున్నారండి అని డ్రిల్లు మిషన్ అందుకున్నాడు. సాయంత్రానికి పెట్టె గోడమీదుంది. పాస్టరుగారు ప్రార్థన చేసేదాకా వాడకూడదన్నారు కాబట్టి నాకు కొన్నాళ్ళు గడువు దొరికింది.

మేం లూథరన్ వాళ్ళం. ఇంట్లోకి ఏ పెద్ద వస్తువు వచ్చినా కృతజ్ఞతా కూడిక పెట్టి, పాస్టరుగారిని పిలిచి ప్రార్థన చేయించందే వాడం. మా కుటుంబాల్లో ఇంకో పట్టింపు కూడా ఉంది. ప్రార్థన జరిగే వేళకి ఆ వస్తువు పనిచేస్తూ ఉండాలి. కుట్టుమిషన్ కొంటే ఒక గుడ్డముక్క కుడుతూ ఉండాలి, మిక్సీ అయితే తిరుగుతూ ఉండాలి. ఒకసారి మా పిన్ని ఇంట్లో బోరు మోటారుకి ప్రార్థన చేస్తే అందరం తడిసిపోయాం. చార్జరూ అంతే, వెలుగుతూ ఉండగానే ప్రతిష్టించాలన్నారు.

శనివారం సాయంత్రం కూడిక. వీధిలో షామియానా, దాని కింద సీరియల్ లైట్లు, మైకు సెట్టు, ముసలివాళ్ళకోసం హాల్లో ఏసీ. కరెంటు పోతే వాడటానికి నా గదిలో ఉంచిన పెద్ద ఆక్సిజన్ సిలిండరు చూసేవాళ్ళకి బాగోదని మరదలు పొద్దున్నే దాన్ని పెరట్లో స్టోరుగదికి పంపించేసింది. అడిగితే, కరెంటు ఉందిగా వదినా అంది.

పాటయ్యాక పాస్టరుగారి చేతే చార్జర్ వేయించారు. అందరూ చప్పట్లు కొట్టారు. నా గదిలో ట్యూబులైటు రెండుసార్లు కొట్టుకుని ఆరిపోయింది, మిషన్ అరవటం మొదలుపెట్టింది. ముక్కులో గొట్టం ఉంది, గాలి లేదు. బయట ప్రార్థన మొదలైంది. మిషన్ అరుపు మైకులోకి కూడా వెళుతున్నట్టుంది, పాస్టరుగారు ఒకసారి ఆగి మళ్ళీ అందుకున్నారు. తలుపు తెరుచుకుని మరదలు వచ్చింది. నెత్తిన కొంగు కప్పుకునే ఉంది. వచ్చి, నా వైపు కాదు, మిషన్ వైపు నడిచి, స్విచ్చి కట్టేసింది. అరుపు ఆగింది.

"అయ్యగారు ప్రార్థనలో ఉన్నారు వదినా. పది నిమిషాలు ఓర్చుకో. నోటితో పీల్చుకో," అని తలుపు వేసి వెళ్ళిపోయింది.

నోటితో పీల్చుకున్నాను. గోడ అవతల పాస్టరుగారు, పరలోకపు తండ్రీ, ఈ యంత్రములోనికి ప్రవహించు శక్తిని ఆశీర్వదించుము అంటున్నారు. ఆ తర్వాత, ఈ గృహములో అనారోగ్యముతోనున్న నీ కుమార్తెను జ్ఞాపకము చేసుకొనుము అన్నారు. ఆమెన్ అన్నవాళ్ళలో మా తమ్ముడి గొంతే పెద్దది. నాకు భయం వేసింది. అంతకంటే ఎక్కువ కోపం వచ్చింది, మంచం మీదినుంచి లేపింది ఆ కోపమే.

గొట్టం తీసి పక్కన పెట్టి, గోడ పట్టుకుని హాల్లోకి వచ్చాను. ప్లాస్టిక్ కుర్చీల మధ్యనుంచి నడుస్తుంటే, పాపం ప్రార్థనకి వస్తోందనుకుని ఇద్దరు ముగ్గురు లేచి చోటిచ్చారు. ఒకావిడ నా చేతిలో పాటల పుస్తకం పెట్టబోయింది. కళ్ళముందు చీకట్లు కమ్ముతున్నాయి. వరండాలోకి వచ్చి, పాస్టరుగారి చెయ్యి పక్కనుంచి నా చెయ్యి పెట్టి, ఎర్ర బొత్తాం నొక్కాను. పెట్టెమీద లైటు ఆరిపోయింది. షామియానా కింద బల్బులన్నీ ఒక్కసారి దేదీప్యమానంగా వెలిగాయి.

అక్కడే మెట్టుమీద కూలబడ్డాను. ఇందాకటి ఆవిడే పాటల పుస్తకంతో గాలి విసిరింది. అందరూ తమ్ముడి ముఖం చూశారు. వాడు చక్కగా నవ్వి, మా అక్కకి కరెంటంటే కాస్త భయమండి అన్నాడు. ఇరవై ఏళ్ళకు పైగా కరెంటు పాఠం చెప్పినదాన్ని గురించి ఆ మాట అంటే, జనం నమ్మి జాలిగా తలలూపారు.

నన్ను మంచం మీదికి చేర్చి మిషన్ పెట్టారు. బిర్యానీ వడ్డనలు సాగాయి. గరిటెల చప్పుడు వింటూ పడుకున్నాను. వచ్చినవాళ్ళు ఒక్కొక్కరే తలుపు సందులోంచి చూసి వెళ్ళారు. అందరూ వెళ్ళిపోయాక తమ్ముడొచ్చి మంచం చివర కూర్చున్నాడు. వాడి ముఖంలో కోపం లేదు. కాళ్ళమీద చెయ్యి వేశాడు. తప్పయింది అంటాడేమోనని సిగ్గులేకుండా ఎదురుచూశాను.

"గొట్టం లేకుండానే వరండా దాకా నడిచావు గదక్కా," అన్నాడు. గొంతులో నిజంగానే సంతోషం ఉంది. "అయితే సాయంత్రంపూట కారు చార్జింగయ్యేదాకా మిషన్ ఆపినా ఉండగలవన్నమాట. నేనే అనవసరంగా కంగారుపడ్డాను."

జవాబు చెప్పటానికి నోరు తెరిచాను. మాటకి సరిపడా గాలి ఇంకా లోపలికి చేరలేదు. వాడు కాసేపు చూసి, నేను ఒప్పుకున్నాననుకుని, నా కాళ్ళమీద దుప్పటి సర్ది, చార్జర్ మళ్ళీ వేయటానికి బయటికి వెళ్ళాడు.