రచయిత్రి అసలు పేరు

జెర్సీ సిటీ నుంచి మన్‌హాటన్ వెళ్లే ట్రైన్‌లో, ఫోన్‌లో ఒక చైనా నవల చదువుతున్నాను. ఇద్దరు మగవాళ్ల ప్రేమకథ. ఎవరో అభిమాని ఇంగ్లీషులోకి మార్చి నెట్‌లో పెట్టింది. తెలిసిన ఆంటీలెవరైనా చూస్తారేమోనని ఫోన్ దాదాపు గుండెకి ఆనించి పట్టుకున్నాను. అయినా పక్కసీటులోని చైనా ఆవిడ చూసేసింది.

"బాగుందా?" అని ఇంగ్లీషులో మెల్లగా అడిగింది. తలూపాను.

"చదువుకో. రాసిందెవరో మాత్రం ఎక్కడా చెప్పకు. ఇలాంటివి రాసేవాళ్లని అక్కడ చైనాలో పోలీసులు తీసుకెళ్తున్నారు. నా ఫ్రెండ్ కూడా రాస్తుంది. పన్నెండు రోజులుగా ఫోన్ ఎత్తట్లేదు."

ముందురోజే ఆ రచయిత్రి పాత బ్లాగులన్నీ వెతికి, కలంపేరు వెనక ఉన్న అసలు పేరూ ఊరూ కనిపెట్టి, ఫ్యాన్స్ ఫోరంలో గొప్పగా పెట్టాను.

"నేను... నిన్న పెట్టేశాను."

"తీసెయ్. ఇప్పుడే!"

అప్పటికే ట్రైన్ నది కింద సొరంగంలోకి దిగింది. సిగ్నల్ లేదు. ఆవిడ నా మణికట్టు గట్టిగా పట్టుకుని, నాతోపాటు ఖాళీ స్క్రీన్‌నే చూస్తూ కూర్చుంది.

స్టేషన్‌లో పేజీ తెరుచుకుంది. నా పోస్ట్ కింద ఎవరో రాశారు: "థాంక్స్! సేవ్ చేసుకున్నాను."

డిలీట్ నొక్కాను. ఆవిడ నా చెయ్యి వదిలేసి దిగిపోయింది.

రోజూ జరిగినవన్నీ డైరీలో రాసుకునేదాన్ని. ఆ రచయిత్రి పేరు మాత్రం రాయలేదు.